వదలడానికి ఒక కాయ

బెజవాడ మునిగిన వరద ఏడు అది. కృష్ణ సత్రశాల రేవు మెట్లన్నీ మింగేసి గట్టు దాటిన ఏడు. బెజవాడ జనం మేడల మీద నిలబడి అన్నం పొట్లాల కోసం చేతులు చాస్తుంటే, పేటలో ఒక ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూర్చుని బాలకోటయ్య అదంతా టీవీలో చూస్తున్నాడు. పేటంటే నరసరావుపేట. గురజాల వైపు ఊళ్ళవాళ్ళకి పెద్ద రోగం వస్తే పోయేది అక్కడికే.

బాలకోటయ్య వయసంతా నాపరాళ్ళ క్వారీలోనే అరిగింది. గడ్డపారతో పలక లేపడం, సమ్మెటతో అంచు కొట్టడం, భుజాన మోసి లారీకెత్తడం. నోరు తెరిస్తే రాతిదుమ్ము లోపలికి పోతుంది కాబట్టి ఈ మనిషికి మూసుకోవడమే అలవాటైపోయిందని భార్య పిచ్చమ్మ అంటూ ఉంటుంది. పొద్దు వాలేసరికి నడుం నిలబడనిచ్చేది కాదు. ఊళ్ళో దొరికే నొప్పి బిళ్ళ ఒకటి వేసుకునేవాడు. తెల్లారి మళ్ళీ పనికి పోవాలి కాబట్టి మళ్ళీ ఒకటి. ఏళ్ళ తరబడి మింగిన ఆ బిళ్ళలు కిడ్నీలను తినేశాయని డాక్టరు చెప్పి, తర్వాతి మనిషిని పిలిచాడు.

ఏం తినాలో, ఏం తినకూడదో నర్సు హన్నమ్మ చెప్పింది.

"పెద్దాయనా, ఇటు చూడు. ఉప్పు చిటికెడే. పచ్చళ్ళు బంద్. గోంగూర బంద్. చింతపండు, టమాటా, మామిడికాయ, అరటిపండు, ఎండుచేపలు, అన్నీ బంద్."

"మరి ఏం పెట్టాలమ్మా నేను?" అంది పిచ్చమ్మ.

"చప్పిడి కూరలు. బీరకాయ, పొట్లకాయ, సొరకాయ. ఉడకబెట్టి నీళ్ళు వంపేసి పెట్టు. అన్నిట్లోకి సొరకాయ మంచిది."

"ఇయ్యి తింటే తగ్గిపోయిద్దా?"

హన్నమ్మ చీటీ మడిచి పిచ్చమ్మ చేతిలో పెట్టింది. "తగ్గదు పిన్నీ. ఉన్నది ఇంకొన్నాళ్ళు నిలబడిద్ది. తినకపోతే తొందరగా రక్తం కడిగే మిషను మీదికి రావాల. ఒకసారి మిషనెక్కితే ఇంక దిగేది ఉండదు."

సొరకాయ అన్నప్పుడే పిచ్చమ్మ మొహం మాడిపోవడం బాలకోటయ్య చూశాడు. మిషను మాటకి కూడా అంతగా మాడలేదు. బస్సు పిడుగురాళ్ళ దాటేదాకా ఆమె కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. దాటాక అంది:

"నువ్వు సొరకాయ తినకూడదు గదయ్యా."

అతను తల ఊపాడు. ఆ సంగతి అతనికి ఆసుపత్రిలోనే గుర్తొచ్చింది.

ముందు ఏడు వాళ్ళిద్దరూ కాశీకి, గయకి పోయి వచ్చారు. ఊళ్ళో నాగేశ్వరరావు ఏటా యాత్రకి ఒక బస్సు కడతాడు. బస్సులోనే వంటవాడు, బియ్యం మూటలు, గ్యాసు పొయ్యి. అంతకు ముందు ఏడే వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు శివాజీ పోయాడు. నాపరాళ్ళ లారీ మీద డ్రైవరు. మాచర్ల రోడ్డులో మలుపు దగ్గర బ్రేకు వేస్తే వెనక పలకలు ముందుకి జారాయి. పెళ్ళికాని పిల్లాడు. పిండం పెట్టడానికి తండ్రి తప్ప ఎవరూ లేరు.

గయలో పిండం పెట్టినచోట ఇష్టమైన కాయో పండో ఆకో ఒకటి వదిలేసి రావాలి. పోయినవాళ్ళ పేరున వదులుతారు. ఇక బతికున్నంత కాలం దాన్ని ముట్టరు. మన నాలుక మీదినుంచి తీసిపెట్టిన ఆ రుచే అక్కడ వాళ్ళకి అన్నమవుతుందని పిచ్చమ్మ నమ్మకం. ఆమె గోంగూర వదిలింది. గోంగూర లేకపోతే ముద్ద దిగని మనిషి, కళ్ళు మూసుకుని ఆ మాట అనేసింది. తర్వాత బాలకోటయ్య వంతు వచ్చింది. పక్కన పంతులు తొందరపెడుతున్నాడు.

"సొరకాయ," అన్నాడు బాలకోటయ్య.

సొరకాయంటే అతనికి చిన్నప్పటినుంచీ పడదు. క్వారీ గుడిసెల మీద సొరపాదు దానంతటదే అల్లుకునేది. వానాకాలమంతా వాళ్ళమ్మ అదే వండేది. నోట్లో పెట్టుకుంటే తడిగుడ్డ నమిలినట్టు ఉండేది. పెళ్ళయ్యాక ఆ కూర ఇంట్లోకి రానియ్యలేదు. అలాంటి సొరకాయని వదిలేశాడు. బస్సులో అందరూ అలాంటి పనే చేశారు. ఒకాయన కాకరకాయ వదిలాడు. ఇంకొకాయన మన వైపు దొరకని పండేదో వదిలాడు. తిరుగుప్రయాణంలో వంటవాడు సొరకాయ పప్పు చేస్తే, "కోటయ్యకి పెట్టొద్దురోయ్, పాపం త్యాగం చేశాడు," అని నాగేశ్వరరావు అరిచాడు. బస్సంతా నవ్వారు. బాలకోటయ్య కూడా నవ్వాడు. పిచ్చమ్మ నవ్విందో లేదో అప్పుడతను చూడలేదు.

ఆ ఏడాదంతా ఆమె అతనికి గోంగూర పచ్చడి నూరుతూనే ఉంది. రోట్లో ఎండుమిరపకాయలు, వెల్లుల్లి వేసి నూరేది. ఉప్పు సరిపోయిందో లేదో చూడటానికి పక్కింటి ధనమ్మని పిలిచేది. ధనమ్మ వేలితో తీసి నాకి, "ఇంకొంచెం పడాల అక్కా," అనేది. పిచ్చమ్మ చెయ్యి కడుక్కుని మజ్జిగన్నం తినేది.

పేట నుంచి వచ్చాక ఇంట్లో పొయ్యి దగ్గర చిక్కు వచ్చిపడింది. ముందు బీరకాయ వండింది. రెండు ముద్దలు తిని పక్కకి నెట్టాడు. పొట్లకాయకి ఒక్క ముద్దతోనే లేచాడు. సొరకాయ మాట ఎవరూ ఎత్తలేదు. పదిరోజుల్లో మనిషి గూడ ఎముకలు బయటపడ్డాయి. ధనమ్మ గోడ మీదినుంచి చూసి, "అక్కా, దేవుడి పేరు చెప్పి మొగుణ్ణి పస్తు పెడతన్నావా ఏంది? మందుకి దోషం లేదు. పెట్టు సొరకాయ," అంది.

"నీకేం తెలుసే? నా బిడ్డ కంచంలోది తీసి ఈయనకి పెట్టమంటావా?"

ఆ సాయంత్రమే పిచ్చమ్మ నాగేశ్వరరావుకి ఫోను చేసింది. స్పీకరు పెట్టి ఫోను అరుగు మీద పెట్టింది. బాలకోటయ్య పక్కనే కూర్చున్నాడు.

"అన్నయ్యా, ఈయన గయలో ఇడిసిపెట్టిన కాయే డాక్టరు మందంటన్నాడు. ఏం చెయ్యాల?"

"కోటయ్యకి ఇంత పనయ్యిందా! అమ్మాయ్, దానికో దారి ఉంది. కృష్ణలో మునిగి, దాని బదులు ఇంకోటి ఇడిసిపెట్టటమే. అందరూ చేసేదే. కాకపోతే ఈసారన్నా నికరంగా ఇష్టమైనది ఇడవమను. అక్కడ మీ ఆయన చేసిన తెలివి నాకు తెలవదా ఏంది?" నాగేశ్వరరావు ఫోనులోనే పెద్దగా నవ్వాడు.

ఫోను పెట్టేసేసరికి పొద్దు వాలింది. గేదెలు ఇంటికి వస్తున్నాయి.

"నీకు తెలుసా?" అన్నాడు బాలకోటయ్య.

"ఇన్నేళ్ళు వండి పెట్టినదాన్ని, నాకు తెలవకుండా ఎట్టా ఉంటదయ్యా? ఆ రోజే చూశా. పిండం ముందు మొగుణ్ణి అల్లరి చెయ్యటమెందుకని ఊరుకున్నా." పైట చెంగుతో అరుగు మీద లేని దుమ్ము తుడిచింది. "పిల్లోడు కూడా చూసే ఉంటాడు."

ఆ మాట బాలకోటయ్య గుండె మీద పలకలా వచ్చి పడింది. క్వారీలో కాలిమీద రాయి పడ్డా అరవని మనిషి. ఇప్పుడూ అరవలేదు. చుట్ట కోసం జేబు తడుముకుని, డాక్టరు అదీ మాన్పించాడని గుర్తొచ్చి చెయ్యి తీసేశాడు.

"సరే. ఇష్టమైందే ఇడుస్తా," అన్నాడు.

"ఏది?"

"గోంగూర."

"అది డాక్టరు ఎప్పుడో మాన్పించాడు. కొత్తగా నువ్విడిచేదేముంది?"

"మామిడిపండు."

"అదీ బందే గదా."

"చింతకాయ పచ్చడి. టమాటా. అరటిపండు." ఒక్కొక్కటీ అతను అంటుంటే ఒక్కొక్కదానికీ ఆమె తల అడ్డంగా ఊపింది. అతనికి ప్రాణమైనవన్నీ ఆ వరసలోనే పోయాయి.

"యాపిల్ తినొచ్చంది గదా నర్సు?"

"యాపిల్ నేనెప్పుడు తిన్నాననే, ఇష్టపడి ఇడవటానికి?" బాలకోటయ్యకి ఉన్నట్టుండి నవ్వొచ్చింది. ఏడుపుకి దగ్గరగా ఉన్న నవ్వు. "నా బదులు ఆ డాక్టరే గయకి పోయొచ్చాడే. అన్నీ ఆయనే ఇడిపించాడు."

నిజమే. తినగలిగినవన్నీ అతనికి పడనివి. పడేవన్నీ అతని చేతిలోంచి పోయినవి. కొడుక్కి తీసి పెడదామంటే కంచంలో ఒక్క రుచి మిగల్లేదు. ఉన్నన్నాళ్ళు దాచుకున్నాడు, ఇద్దామనుకునే వేళకి ఇల్లంతా వెతికినా ఏమీ లేదు.

పిచ్చమ్మ పొయ్యి వెలిగించి, మళ్ళీ బయటికి వచ్చింది. ఆమెకేదో తోచింది.

"అయితే ఒకటి చెయ్యి. ఈ చప్పిడి కూరల్లోనే ఒకటి ఇష్టపడు. ఇష్టపడ్డాక దాన్నిడువు. మిగతాయి తిని బతుకు."

"ఇష్టపడమంటే వచ్చిద్దా ఇష్టం?"

"నన్ను ఇష్టపడి చేసుకున్నావా? మీ అయ్య మెడలు వంచితే చేసుకున్నావు. తర్వాత రాలా?"

"వచ్చిందని ఎవురు చెప్పారు నీకు?"

"చాల్లే, సంబడం," అంది. చాలా రోజుల తర్వాత ఆమె నోట ఆ మాట విన్నాడు.

అలా మొదలైంది. బాలకోటయ్య తిండి నేర్చుకోవడం మొదలుపెట్టాడు. ముసలితనంలో చిన్నపిల్లాడిలా కంచం ముందు కూర్చుని, బీరకాయ ముక్కని నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని నమిలేవాడు. ఆకలి నకనకలాడేదాకా ఆగి తిని చూశాడు. చల్లారిపోయాక తిని చూశాడు. పిచ్చమ్మ ఒకరోజు జీలకర్ర, ఒకరోజు వెల్లుల్లి, ఒకరోజు కాస్త పచ్చికొబ్బరి వేసి చూసేది. రోజూ కంచం తీసేటప్పుడు అడిగేది:

"ఏమన్నా తగిలిందా?"

"లే."

రాయి సంగతైతే అతనికి తెలుసు. బండని పైపైన కొడితే అది విరగదు. దాని పొర ఎటు పోతోందో వెతుక్కుని, ఆ పొరలో ఉలి పెట్టి, నెమ్మదిగా తడుతూ పోవాలి. ఒకచోట దానంతటదే విడుతుంది. ఈ కూరకి కూడా ఎక్కడో అలాంటి పొర ఉంటుందనుకున్నాడు. నాలుకతో వెతికాడు. అది కనిపించలేదు.

పెంచినదాని మీద ఇష్టం పుడుతుందేమోనని దొడ్లో పొట్లపాదు పెట్టాడు. వరదలు తగ్గి, సత్రశాల మెట్లు మళ్ళీ తేలేసరికి పాదు పందిరెక్కింది. తెల్లటి పూలు పూసింది. పిందెలు దిగాయి. పొట్లకాయ చివర బరువు కట్టకపోతే వంకరలు తిరుగుతుంది. అందుకని బాలకోటయ్య నాపరాతి ముక్కని పలచగా కొట్టి, అంచులు నునుపుగా తీసి, పురికొసతో పిందె చివర కట్టాడు. కాయ కిందికి సూటిగా సాగింది. పొద్దున్నే లేచి పందిరి కింద నిలబడి, ఒక్కొక్క కాయనీ కిందినుంచి పైదాకా చూసుకునేవాడు.

"ఏం బావా, పాముల్ని పెంచుతున్నావా?" అని ధనమ్మ గోడ మీదినుంచి వేళాకోళమాడేది. "మా అక్కని కరిపిస్తావా ఏంది?"

ఆ పాదంటే అతనికి ఇష్టం కలిగింది. అది నిజం. ఆకు రాలితే మనసు చివుక్కుమనేది. కాయ కోసి కూర వండి కంచంలో పెడితే మాత్రం, ఆ వాసనకే కంచం పక్కకి నెట్టబుద్ధయ్యేది. పాదు మీది ఇష్టం నాలుక దాకా రాలేదు. అయినా తిన్నాడు. మందు మింగినట్టు మింగాడు. సొరకాయ ఒక్కటీ ఇంకా ముట్టలేదు. బదులు ఇచ్చేదాకా దాన్ని ముట్టుకోనివ్వనని పిచ్చమ్మ పట్టుబట్టింది.

చలి ముదిరాక మళ్ళీ పేటకి పోయారు. రక్తం తీశారు. డాక్టరు కాగితం చూసి పెదవి విరిచాడు. హన్నమ్మ వాళ్ళిద్దర్నీ వరండాలోకి తీసుకొచ్చింది.

"కిడ్నీల పని ఇంకా పడిపోయింది పెద్దాయనా. చప్పిడి తింటన్నావా లేదా?"

"తింటన్నాడమ్మా," అంది పిచ్చమ్మ. "నా కళ్ళముందే తింటన్నాడు."

"అయితే ఇంక మన చేతుల్లో లేదు. ఎండాకాలంలోపే మిషను ఎక్కించాల్సి రావచ్చు. మనసు గట్టి చేసుకోండి."

బస్సులో పిచ్చమ్మ ఏడవలేదు. ఇంటికొచ్చాక పొయ్యి ముందు కూర్చుని, పుల్లలు ఎగదోస్తూ, ఎవరితోనూ కాదన్నట్టు అంది:

"వాడికి ఇయ్యాల్సింది మనం ఇయ్యలా. అందుకే అన్నం నీకు ఒంటపట్టటంలా. ఆడ వాడు ఆకలితో ఉంటే ఈడ నీకెట్టా పట్టిద్దయ్యా?"

బాలకోటయ్య గోడకి ఆనుకుని విన్నాడు. ఆమె పొట్లకాయ కూర వడ్డించి పెట్టింది. ఎప్పుడూ అడిగే మాట కూడా అడగలేదు. అడగకపోవడం చూసి అతనికి భయమేసింది. ఆమె కూడా చేతులెత్తేసిందనిపించింది. ఒక ముద్ద నమిలాడు. అదే పడని రుచి. మింగాడు.

"ఇయ్యాల ఇది బాగుందే," అన్నాడు.

పిచ్చమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. "ఏందీ?"

"పొట్లకాయ. బాగుంది."

"నిజంగానా?"

"ఊఁ."

"నా మీద ఒట్టు?"

అతను ఒట్టు పెట్టలేదు. ఇంకో ముద్ద కలుపుకుని నోట్లో పెట్టుకున్నాడు. అదే ఒట్టనుకుంది ఆమె. లేచి వాకిట్లోకి పరిగెత్తింది. "ధనమ్మా, ఏమే ధనమ్మా! మీ బావకి పొట్లకాయ రుచి తగిలిందే!" ఆ గొంతు శివాజీ ఉన్నప్పటి గొంతు. లారీ వీధి మలుపు తిరిగితే, పిల్లోడొచ్చాడని ఇలాగే అరిచేది. ధనమ్మ వచ్చి గుమ్మంలో నిలబడి, "పాముల్ని పెంచి పాముల్నే తింటన్నావా బావా!" అని నవ్వింది. పిచ్చమ్మ నాగేశ్వరరావుకి ఫోను చేసింది. రేపు మంచిరోజే, పొద్దున్నే సత్రశాల రేవులో మునిగి ఆ మాట చెప్పేసి రమ్మన్నాడు ఆయన.

"రేపటినుంచి దీని మొహం కూడా చూడవు. కడుపునిండా తిను," అంటూ ఆమె గిన్నెలో ఉన్న కూరంతా అతని కంచంలోకి ఊడ్చింది. ఎదురుగా కూర్చుని, అతను తింటున్నంతసేపూ చూసింది. బాలకోటయ్య మొత్తం తిన్నాడు. ఒక్క ముక్క వదల్లేదు. ఆమె కొత్త చీర తీసి సంచిలో పెట్టుకుంది. పసుపు, కుంకుమ, అగరవత్తులు పెట్టుకుంది. చాలా కాలానికి మంచం ఎక్కగానే నిద్రపోయింది.

తెల్లవారి ఆమె తలంటుకుని, తడిజుట్టుకి తుండు చుట్టుకుని బయటికి వచ్చేసరికి బాలకోటయ్య పందిరి కింద ఉన్నాడు. అన్నిటికన్నా పొడుగు కాయ చివర కట్టిన రాతిముక్కని విప్పాడు. పక్కనున్న చిన్న పిందెకి దాన్ని కట్టాడు. ముడి సరిగా పడిందో లేదో ఒకసారి లాగి చూశాడు. తర్వాత పొడుగు కాయని కోసి, రెండు చేతుల మీదా తెచ్చి, అరుగు మీద ఆమె సంచి పక్కన పెట్టాడు. లోపలికి పోయి కత్తిపీట తెచ్చాడు.

"బస్సు వచ్చే వేళయింది. ఇప్పుడు కాయెందుకయ్యా? రేవుకి పోవద్దా?" అంది పిచ్చమ్మ.

అతను కత్తిపీట కింద పెట్టాడు. ఆమె అతని మొహం చూసింది. కాయని చూసింది. మళ్ళీ మొహం చూసింది. తలకి చుట్టిన తుండు జారి భుజం మీద పడింది.

"ఈసారీ వాడు చూస్తాడే," అన్నాడు బాలకోటయ్య.

పిచ్చమ్మ అరుగు మీద సంచి పక్కనే కూలబడింది. వీధి చివర బస్సు హారను కొట్టి, కాసేపు ఆగి, వెళ్ళిపోయింది. బాలకోటయ్య కింద కూర్చున్నాడు. కత్తిపీట తన ముందుకి లాక్కుని, కాలితో తొక్కిపట్టి, పొట్లకాయని చక్రాలుగా తరగడం మొదలుపెట్టాడు.